కిటికీ దగ్గరి ఫోన్, మంచం మీది నెట్‌బుక్

2009లో నెట్‌బుక్ కొందామని ఎల్లారెడ్డిలో బస్సెక్కి కామారెడ్డి వెళ్లాను. అప్పటికి రెండూ నిజామాబాద్ జిల్లాలోనివే. కామారెడ్డి జిల్లా అయింది 2016 అక్టోబరు 11న.

నెట్‌బుక్‌లనే ఈ చిన్న ల్యాప్‌టాప్‌లకు ఊపు తెచ్చింది 2007 నాటి ఆసుస్ ఈ పీసీ 701. ఏడంగుళాల తెర, లోపల బ్లూటూత్ లేదు. మరుసటి ఏడు వచ్చిన 901లో దాన్ని పెట్టారు.

దుకాణంలో ముందు చూపించింది బ్లూటూత్ లేని రకమే. "డాంగిల్ పెట్టుకుంటే సరిపోతది సార్" అన్నాడు కుర్రాడు. నాకు సరిపోదు. ఉన్న కాసిని యూఎస్‌బీ పోర్టుల్లో ఒకటి దానికే పోతుంది, చిన్న వస్తువు కాబట్టి ఎక్కడో జారిపోతుంది కూడా. అసలు బ్లూటూత్ ఎందుకంటే, మా ఇంటికి ఇంటర్నెట్ తీగ లేదు, ఫోన్‌లోని జీపీఆర్‌ఎస్సే దిక్కు. సిగ్నల్ అందేది కిటికీ దగ్గరే. కేబుల్ పెడితే నేనూ అక్కడే నిలబడాలి. బ్లూటూత్ అయితే ఫోన్ కిటికీలో, నేను మంచం మీద. పది మీటర్ల దాకా అందుతుంది. వేగం తగ్గుతుందన్న భయమూ అక్కర్లేదు. 2004లో వచ్చిన బ్లూటూత్ 2.0 సెకనుకు 3 మెగాబిట్లు మోయగలదు, జీపీఆర్‌ఎస్ దాని దరిదాపుల్లోకి రాదు.

కొంత ఎక్కువిచ్చి బ్లూటూత్ ఉన్నదే తెచ్చుకున్నాను. ఈనాటి ఫోన్లలో వైఫై హాట్‌స్పాట్ ఉంది, ఆ అవసరం తీరింది. ఆనాటి ఎల్లారెడ్డిలో మాత్రం అదే సరైన బేరం.