పాసు, అప్పు, భాష: సింగపూర్ సాంఘిక సేవల్లో తెలుగు వలస మనిషి

సింగపూర్ ప్రభుత్వ లెక్కల్లో ప్రతి నివాసికీ ఒక జాతి రాసి ఉంటుంది. చైనీయులు, మలయులు, భారతీయులు, ఇతరులు అనే నాలుగు గళ్ల పట్టికకు మూలం బ్రిటిష్ కాలపు జనాభా లెక్కల్లో ఉంది. 2020 జనగణనలో పౌరులనూ శాశ్వత నివాసులనూ కలిపి చూస్తే చైనీయులు 74.3 శాతం, మలయులు 13.5, భారతీయులు 9.0, ఇతరులు 3.2. ప్రభుత్వ ఫ్లాట్లలో ఒక్కో బ్లాకులో ఏ జాతివారు ఎంతవరకు ఉండవచ్చో 1989 నుంచి ఈ పట్టికను బట్టే తేలుతోంది. సాంఘిక సేవల్లో అన్ని జాతులవారికీ తలుపు తెరిచే కుటుంబ సేవా కేంద్రాలు ఒకవైపు ఉన్నా, జాతులవారీ స్వయంసహాయ సంస్థలు మరోవైపు బలంగా పాతుకున్నాయి.

ఈ గళ్లలో సరిగా ఇమడని మనిషి సాయానికి వచ్చినప్పుడు సోషల్ వర్కర్ ముందుగా ఏ ప్రశ్న వేయాలి? చట్టాలు, ప్రభుత్వ గణాంకాలు, స్వచ్ఛంద సంస్థల కార్యక్రమాల ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. ‘సంస్కృతి’ ఖాతాలో రాసేసే ఇబ్బందుల్లో చాలా వాటికి అసలు కారణం ఆ మనిషి చేతిలో ఉన్న పాసు (అక్కడ ఉండటానికి, పని చేయడానికి ఇచ్చే అనుమతి), ఊళ్లో ఉన్న అప్పు అన్నది నా వాదన. తెలుగువారి ఉదాహరణలో అది స్పష్టంగా కనిపిస్తుంది.

గళ్ల లోపల, గళ్ల బయట

ఆ స్వయంసహాయ సంస్థల్లో మలయ ముస్లింలకు మెండాకి 1982లో, భారతీయులకు సిండా 1991లో, చైనీయులకు సీడాక్ 1992లో ఏర్పడ్డాయి. యురేషియన్ అసోసియేషన్ 1919 నాటిది. భారతీయ విద్యార్థులు చదువులో వెనకబడుతున్నారన్న ఆందోళన నుంచి సిండా పుట్టింది, తర్వాత కుటుంబ సేవల్లోకీ విస్తరించింది. దాని నిధికి నెలనెలా జీతంలోంచి కోత పడుతుంది, వద్దనుకున్నవారు రాసిచ్చి తప్పుకోవచ్చు. ఎవరెవరు చెల్లించాలో చెప్పే జాబితాలో పంజాబీలు, మలయాళీలు, సింహళీయులతో పాటు తెలుగువారి పేరూ ఉంది. పౌరులు, శాశ్వత నివాసులు, ఎంప్లాయ్‌మెంట్ పాసు ఉన్నవారు దాని పరిధిలోకి వస్తారు. అంటే హైదరాబాదు నుంచి వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అందులో ఉన్నాడు. శ్రీకాకుళం నుంచి వర్క్ పర్మిట్ మీద షిప్‌యార్డుకు వెళ్లిన వెల్డరు లేడు. ఇద్దరిదీ ఒకే భాష, ఒకే ఉగాది. గీత గీసింది పాసు.

భాష సంగతికొస్తే మలయ్, చైనీస్, తమిళం, ఇంగ్లీషు అధికార భాషలు. బళ్లో మాతృభాషగా తమిళం కాక బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూలకు అవకాశం ఉంది, తెలుగుకు లేదు. 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం వంటి సంఘాలు ఆ లోటును పండుగలతో, భాషా తరగతులతో కొంత పూడుస్తున్నాయి. ‘భారతీయుడు’ వచ్చాడంటే తమిళం వచ్చిన ఉద్యోగిని పిలవడం వ్యవస్థకు సులువు. ఎదుట కూర్చున్నది నిజామాబాదు మనిషి అయితే ఆ పిలుపు వల్ల పని సగమే జరుగుతుంది.

సిద్ధాంతం ఎక్కడ ఆగిపోయింది

అమెరికాలో టెరీ క్రాస్, సహ రచయితలు 1989లో సాంస్కృతిక సామర్థ్యం అనే భావనకు రూపమిచ్చారు. వ్యక్తులతో పాటు సంస్థలు కూడా మారాలన్నది వారి పట్టుదల. శిక్షణ తరగతుల దాకా వచ్చేసరికి అది చాలాచోట్ల ‘ఫలానా జాతివారు ఇలా ఉంటారు’ అనే జాబితాగా కుంచించుకుపోయింది. 1998లో మెలనీ టెర్వలాన్, జాన్ మర్రే-గార్సియా దీన్ని విమర్శిస్తూ సాంస్కృతిక వినయాన్ని ప్రతిపాదించారు. ఎదుటివారి సంస్కృతి నాకు తెలుసన్న ధీమా వదిలి, తన చేతిలోని అధికారాన్ని తాను గుర్తించి అడిగి తెలుసుకోవడం దాని సారం. నాకు అంతకంటే పనికొచ్చేదిగా తోచేది ఆర్థర్ క్లైన్‌మన్, సహచరులు 1978లో వైద్యులకు సూచించిన ప్రశ్నల వరుస. మీ బాధకు కారణం ఏమనుకుంటున్నారు, అది అప్పుడే ఎందుకు మొదలైంది, దేని గురించి మీకు ఎక్కువ భయం?

ఆ చివరి ప్రశ్న సింగపూర్‌లో వలస కార్మికులు ఉండే డార్మిటరీలో వేస్తే వచ్చే జవాబు సంస్కృతి పాఠ్యపుస్తకంలో దొరకదు. ‘పంపించేస్తారేమో.’

2020 చూపించినది

కోవిడ్ వచ్చేనాటికి డార్మిటరీల్లో సుమారు 3,23,000 మంది కార్మికులు ఉన్నారు. 2020 డిసెంబరులో మానవ వనరుల శాఖ ఇచ్చిన లెక్క ప్రకారం పీసీఆర్ పరీక్షలో 54,505 మందికి వ్యాధి తేలింది, రక్త పరీక్షల ద్వారా మరో 98,289 మందికి సోకినట్టు తెలిసింది. మొత్తం 47 శాతం. ఒకే గదిలో పదిమందికి పైగా పడుకునే చోట దూరం పాటించమని ఏ భాషలో చెప్పినా ఏం లాభం? అయినా భాష అవసరమే పడింది. రోగులతో మాట్లాడేందుకు దుబాసీలు దొరక్క, 2020 ఏప్రిల్‌లో ఒక యువ వైద్యురాలు బెంగాలీ మాటలు వినిపించే వెబ్‌సైటును స్వయంగా తయారుచేసింది. ఇలాంటి పని వ్యక్తుల చొరవ మీద ఆధారపడటం ఆ వైద్యురాలికి గౌరవం, వ్యవస్థకు మాత్రం కాదు. అదే ఏడాది నవంబరులో కార్మికుల మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం, వలస కార్మికులకు సేవలందించే హెల్త్‌సర్వ్ తదితర సంస్థలతో కలిసి ప్రాజెక్ట్ డాన్ మొదలుపెట్టింది.

కార్మికుడు నోరు విప్పడం లేదంటే పెద్దల ముందు మాట్లాడని భారతీయ సంస్కారం అని సరిపెట్టుకోవడం తేలిక. అతని పరిస్థితి చూద్దాం. వర్క్ పర్మిట్ ఒక్క యజమానికి కట్టుబడి ఉంటుంది, రద్దు చేయించడం యజమాని చేతిలో పని. మలేషియావాసులు కాని ఒక్కొక్క కార్మికుడి మీద యజమాని 5,000 డాలర్ల పూచీ కట్టి ఉంటాడు. ఊళ్లో ఏజెంటుకు కట్టిన లక్షలు వడ్డీకి తెచ్చినవి. అప్పు తీరకముందే విమానం ఎక్కించేస్తే పొలమో ఇంటామె పుస్తెలో పోతాయి. ఇంత లెక్క బుర్రలో తిరుగుతున్నవాడు నడుము నొప్పి అని చెప్పుకోకపోవడం సంస్కారం కాదు, వివేకం.

ఈ సంగతి బాగా గ్రహించిన ప్రయత్నం లిటిల్ ఇండియాలో ఉంది. వలస కార్మికుల కోసం పనిచేసే టీడబ్ల్యూసీ2 సంస్థ 2008లో కఫ్ రోడ్ ప్రాజెక్టు పేరుతో ఉచిత భోజనం మొదలుపెట్టింది. పనిలో గాయపడి నష్టపరిహారం కోసమో, జీతం బకాయి కోసమో ఎదురుచూసే కార్మికుడు స్పెషల్ పాసు మీద ఉంటాడు. ఉండవచ్చు కానీ సాధారణంగా పని చేయకూడదు. నెలలు గడుస్తాయి, ఇంటి నుంచి ఫోన్లు ఆగవు. అలాంటివాడికి ‘కౌన్సెలింగ్ కేంద్రం’ అన్న బోర్డు చూపిస్తే రాడు, అన్నం పెట్టే చోటికి వస్తాడు. తింటూ కూర్చున్నచోట కేసు ఎక్కడిదాకా వచ్చిందో మాటల్లో బయటపడుతుంది. సాంస్కృతిక సున్నితత్వం మీద రాసిన పేజీల కంటే ఈ ఏర్పాటులో ఎక్కువ బుద్ధి ఉందని నా అభిప్రాయం.

మనవాళ్లే ఉంటే చాలునా

అయితే తెలుగు తెలిసిన సోషల్ వర్కర్‌ను పెడితే సమస్య తీరుతుందా? గృహహింస కేసుల్లో అలా అనుకోవడం ప్రమాదం. డిపెండెంట్ పాసు మీద ఉన్న భార్య అక్కడ నివసించే హక్కు భర్త పాసుతో ముడిపడి ఉంటుంది. 1961 నాటి విమెన్స్ చార్టర్ ఆమెకు కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు కోరే హక్కు ఇస్తుంది. భర్త పాసు పోతే తన పాసూ పోతుందన్న భయం ఆ మెట్టు ఎక్కనివ్వదు. అక్కడి తెలుగు సమాజం చిన్నది. దుబాసీగా వచ్చిన అక్క మొన్న బతుకమ్మలో పక్కన నిలబడ్డ మనిషే కావచ్చు, సాయంత్రానికి అత్తవారింటికి ఫోను వెళ్లవచ్చు. అలాంటి స్త్రీ వచ్చీరాని ఇంగ్లీషులో చైనీయ ఉద్యోగికే చెప్పుకోవడానికి ఇష్టపడితే అది తెలివైన ఎంపిక. ఎవరితో మాట్లాడతారో ఆమెనే అడగాలి. దుబాసీకి గోప్యత నియమం రాతపూర్వకంగా ఉండాలి, భర్త స్నేహితులను, పిల్లలను ఆ పనికి ఎన్నడూ వాడకూడదు.

సింగపూర్‌లో ఈ వృత్తికి మంచి వారసత్వమే ఉంది. సోషల్ వర్క్ చదువు అక్కడి విశ్వవిద్యాలయంలో 1952లో మొదలైంది. ఆ తొలి తరం విద్యార్థి ఎస్.ఆర్. నాథన్ 1955లో వైద్య సాంఘిక కార్యకర్తగా, మరుసటి ఏడాది నావికుల సంక్షేమ అధికారిగా పనిచేసి, 1999 నుంచి 2011 దాకా దేశాధ్యక్షుడిగా ఉన్నారు. ఊరు వదిలి పనికోసం వచ్చిన మనుషుల బాగోగులు ఆ రోజుల్లోనే ఒక ప్రభుత్వ ఉద్యోగి బాధ్యత అన్నమాట.

మిగిలిన సగం బాధ్యత మన గడ్డ మీద ఉంది. 1983 వలస చట్టం కింద పదో తరగతి చదవని కార్మికులు అనుమతి తీసుకోవాల్సిన 18 దేశాల జాబితాలో సింగపూర్ లేదు. కువైట్ వెళ్లే మనిషి అప్పుపత్రం చూడకపోయినా ఒప్పందం చూసే అధికారి ఒకడున్నాడు, సింగపూర్ వెళ్లే మనిషికి ఆ పాటి గడప కూడా లేదు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ప్రభుత్వ సంస్థలుగా ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఉన్నాయి, రెండు రాష్ట్రాల్లో సోషల్ వర్క్ విభాగాలూ ఉన్నాయి. సింగపూర్ వెళ్లేవారికి బయల్దేరకముందే పర్మిట్ షరతులు, గాయపడితే హక్కులు, ఫిర్యాదుకు వెళ్లాల్సిన చోటు తెలుగులో రాసి చేతికివ్వడం ఈ సంస్థలు ఈ ఏడాదే మొదలుపెట్టగల పని.