ఉన్ని మోసుకెళ్లి నూలు తెచ్చుకున్నవారు: వేల్స్ పల్లెల్లోని చిన్న నూలుమిల్లుల చరిత్ర

నూలుమిల్లు అనగానే తెలుగు పాఠకుడికి గుర్తుకు వచ్చేది లంకాషైర్. వేల కదుళ్లు, ఆకాశాన్నంటే పొగగొట్టాలు, సముద్రాలు దాటి వచ్చి ఇక్కడి రాట్నాన్ని మూలకు నెట్టిన మిల్లునూలు మన చరిత్ర పుస్తకాలలో స్థిరపడిపోయిన చిత్రాలు. ఆ చిత్రం అబద్ధం కాదు. కాని అదే బ్రిటన్ దీవిలో, లంకాషైర్‌కు నైరుతి దిక్కున ఉన్న వేల్స్ కొండల్లో, అదే కాలంలో మరొక రకం మిల్లు పనిచేసింది. వాగు ఒడ్డున ఒక రాతి కట్టడం, ఒక నీటిచక్రం, యజమాని కుటుంబంతో కలిపి నలుగురైదుగురు పనివాళ్లు. దాని గుమ్మం ముందుకు రైతు తన గొర్రెల ఉన్నిని మూటగట్టి తెచ్చేవాడు, నూలు తీసుకుని ఇంటికి పోయేవాడు. ఆ మిల్లుకు వచ్చిపోయేవారెవరు, వారి రాకపోకలమీద అది ఎంతగా ఆధారపడింది, వారు రావడం ఎందుకు తగ్గింది అన్నవి ఈ వ్యాసం పరిశీలించే అంశాలు.

ముందుగా మాటల గురించి కొంత చెప్పుకోవాలి. తెలుగులో నూలు అని ఊరకే అంటే పత్తినూలే. ఊర్ణ శబ్దం నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిన ఉన్నికి నూలును చేర్చి చెబితే తప్ప రెండోది స్ఫురించదు. అయినా పనికి సంబంధించిన మాటలు రెండింటికీ చక్కగా సరిపోతాయి. దువ్వి చుట్టిన పింజ ఏకు, దానిని సాగదీసి మెలిపెడితే పడేది పురి, వడికిన నూలు చుట్టుకునేది కదురు, తీసి పెట్టేది కండె. తెలంగాణలో గొర్రెలను పెంచే కురుమలలో ఈ పనులు ఒక కులం గడపలోనే సాగాయి. మగవారు కత్తిరించిన ఉన్నిని ఆడవారు వడికితే, ఆ నూలు గొంగడిగా మగ్గం దిగేది. కురుమలలో ఉన్ని కంకణం వారు, పత్తి కంకణం వారు అనే విభజన ఉండేదని, పెండ్లిలో కట్టే కంకణాన్ని బట్టి ఆ పేర్లు వచ్చాయని 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథం నమోదు చేసింది. నూలు ఇక్కడ ఇంటిపేరంత దగ్గరిది. వేల్స్‌లో అలా కాదు. అక్కడ గొర్రె ఒకరిది, మిల్లు మరొకరిది, నేత ఇంకొకరిది కావచ్చు. అందుకే మిల్లు గుమ్మం నలుగురూ కలిసే చోటయింది.

నిజానికి వేల్స్ ఉన్ని పనిలో నీటిచక్రం మొదట ప్రవేశించింది వడకడానికి కాదు, నేసిన బట్టను చిక్కబరచడానికి. తడిపిన బట్టను కొయ్య సుత్తులతో గంటల తరబడి దంచి దట్టంగా చేసే ఈ మిల్లును వెల్ష్ భాషలో పాండి అంటారు. పదమూడో శతాబ్దం నుంచే ఇవి కనిపిస్తాయి. టోనిపాండి వంటి ఊరిపేర్లలో ఆ మాట నేటికీ నిలిచి ఉంది. అంటే పని చిట్టచివరి దశకు యంత్రం వచ్చిన తరువాత కూడా అయిదు వందల ఏళ్లపాటు, తొలి దశలైన దువ్వడం, వడకడం పొయ్యిపక్కనే జరిగాయి. చేతి రాట్నం నెమ్మదైనది. ఒక మగ్గం ఆగకుండా ఆడాలంటే నలుగురైదుగురు వడుకుతూ ఉండాలి.

పద్దెనిమిదో శతాబ్దం చివరి దశకాల్లో నీటిశక్తితో ఉన్ని దువ్వే యంత్రం కొండ పల్లెలకు చేరింది. పాత పాండి కట్టడంలోనే ఒక మూల దానిని బిగించినవారు ఉన్నారు, కొత్త మిల్లు కట్టినవారూ ఉన్నారు. పల్లె వెల్ష్‌లో ఫాట్రి అనే మాట కర్మాగారాలన్నిటికీ కాక, ఉన్నిమిల్లుకు మాత్రమే పేరుగా స్థిరపడింది. వేల్స్ ఉన్ని పరిశ్రమపై 1969లో ప్రామాణిక గ్రంథం వెలువరించిన జె. గెరైంట్ జెంకిన్స్ వంటివారి పరిశోధనలలో ఈ చిన్న మిల్లుల లోపలి అమరిక వివరంగా కనిపిస్తుంది.

లోపల జరిగేది ఇదీ. కడిగి ఆరబెట్టిన ఉన్నిని ముందు ముళ్ల డోలులో వేసి విడదీస్తారు. పీచు తెగకుండా నూనె చిలకరిస్తారు. తరువాత సన్నని తీగపళ్లు తొడిగిన రోలర్ల మధ్యకు పంపితే, ఒకదానికొకటి ఎదురు తిరిగే ఆ పళ్లు పీచును సాలెపట్టులాంటి పొరగా పరుస్తాయి. తొలినాటి యంత్రాలు ఆ పొరను పొట్టి ఏకులుగా తెంచి వదిలేవి. వాటి కొసలను ఒకదానికొకటి అతికించే పని చాలావరకు పిల్లల చేతులమీద నడిచింది. పంతొమ్మిదో శతాబ్దం నడిమికి ఎడతెగని పడుగులా పొడవాటి మెత్తని తంతువును దించే అమరిక వచ్చి ఆ పని తప్పింది. వడికేది మొదట 1760ల నాటి హార్‌గ్రీవ్స్ జెన్నీ, ఆ తరువాత 1779లో క్రాంప్టన్ రూపొందించిన మ్యూల్. మ్యూల్‌లో కదుళ్ల బండి పట్టాలమీద వెనక్కు జరుగుతూ తంతువును సాగదీస్తుంది, పురి పెడుతుంది, మళ్లీ ముందుకు వస్తూ నూలును కండెలకు చుట్టుకుంటుంది. రాట్నం ముందు కూర్చున్న స్త్రీ చేయి వెనక్కు పోయి ముందుకు రావడాన్నే అది వందమారులు ఒకేసారి చేస్తుంది. ఇలా వడికిన నూలులో పీచు అన్ని దిక్కులకూ చెదిరి, మధ్య గాలి నిలుస్తుంది. ముతక కొండ ఉన్నికి వెచ్చదనం ఇచ్చేది ఆ గాలే.

రైతు ఈ మిల్లుకు వచ్చేది ఎండాకాలపు కత్తిరింపు తరువాత. కత్తిరించడానికి ముందే గొర్రెలను కట్టగట్టిన వాగులో ముంచి కడిగే అలవాటు ఉండేది. అయినా ఉన్నిలో మిగిలిన జిడ్డు, మట్టి మిల్లులో పోయేసరికి తూకం తగ్గుతుంది. ఇచ్చిన ఉన్నికి ఎంత నూలు రావాలన్నది కాబట్టి లెక్కతో పాటు నమ్మకానికీ సంబంధించిన విషయం. కూలి కొందరు డబ్బుగా ఇచ్చేవారు, కొందరు ఉన్నిలోనే కొంత వదిలేసేవారు. మరికొందరు ఉన్నికి మారుగా నూలో, దుప్పటో, ఫ్లానెల్ గుడ్డో పట్టుకుపోయేవారు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడం కుదరదన్నట్టు, ఇరుగు పొరుగు ఉన్నులు కలిసే మిల్లులో తన గొర్రె నూలే తనకు కావాలని పట్టుబట్టడం చిన్న రైతుకు సాధ్యమయ్యేది కాదు. రోలర్లను ఒక్కొక్కరి కోసం ఒక్కొక్కసారి శుభ్రం చేయాలంటే, కొద్ది ఉన్ని తెచ్చినవాడికి మిగిలేది ఏమీ ఉండదు.

గొర్రెలు లేనివారు కూడా మిల్లుకు ఉన్ని తెచ్చారన్నది ఈ చరిత్రలో ఎక్కువ ఆలోచింపజేసే విషయం. వెల్ష్‌లో గ్వ్లానా అంటే ఉన్ని ఏరడం. పంటచేనులో పరిగె ఏరుకున్నట్టే, వేసవి మొదట్లో కార్డిగన్‌షైర్ తీరప్రాంతాల నుంచి పేద స్త్రీలు గుంపులుగా కొండలకు నడిచి వెళ్లేవారు. ముళ్లపొదలకు, కంచెలకు, రాళ్ల సందులకు చిక్కుకుని గొర్రె విడిచిన పింజలను ఏరి సంచుల్లో నింపుకునేవారు. దారిలో రైతుల కొట్టాల్లో పడుకునేవారు. ఏటేటా అదే ఇంటికి పోయేవారికి పూట తిండి, ఒక్కోసారి గుప్పెడు ఉన్ని అదనంగా దొరికేవి. వారాల నడక తరువాత ఇంటికి చేరేది కొన్ని పౌన్ల ఉన్ని. దానిని కడిగి మిల్లుకు తెస్తే ఏకులుగానో నూలుగానో తిరిగి దక్కేది. ఆ నూలు మేజోళ్లయ్యేది, మేజోళ్లు డబ్బయ్యేవి. ఏరుకున్న ఉన్నికి ఎవరికీ బదులు చెప్పనక్కరలేదు. చేతిలో పెట్టుబడి లేని స్త్రీకి సరుకు తయారీలోకి దారి చూపినది కొండమీది ముళ్లపొద, వాగు ఒడ్డు మిల్లు, ఈ రెండే.

మిల్లు రాకతో చేతిపని చచ్చిపోయిందనే సాధారణ సూత్రం ఇక్కడ నేరుగా వర్తించదు. రాట్నం వెనుకబడింది, నిజమే. కాని నూలు త్వరగా, చవకగా దొరికేకొద్దీ అల్లిక సూదులకు పని పెరిగింది. మెరియోనెత్ సీమలోని బాలా పట్టణం చేతి అల్లిక మేజోళ్ల సంతకు ప్రసిద్ధి. 1770లలో అక్కడ పర్యటించిన థామస్ పెనాంట్, స్త్రీలు దారి వెంట నడుస్తూ కూడా అల్లుతూనే ఉండడాన్ని, చలికాలపు రాత్రుళ్లు ఒకే ఇంట చేరి పాటల మధ్య అల్లుకోవడాన్ని వర్ణించారు. అది మిల్లునూలు ఇంకా పూర్తిగా రాని కాలం. తరువాతి తరంలో అదే అల్లిక మిల్లు నుంచి తెచ్చిన నూలుమీద సాగింది. ఒక చోట చేరితే ఒకే దీపం సరిపోయేదన్న లెక్కను కూడా మరచిపోరాదు. పాటలను మాత్రమే గుర్తుపెట్టుకున్న యాత్రికులు దీపపు నూనె ఖర్చును ప్రస్తావించరు.

ఈ ఊరి సంబంధాలన్నీ నిష్కల్మషమైనవని అనుకోవడానికి లేదు. మెరియోనెత్, మాంట్‌గొమరీ సీమల్లో ఇళ్లలో వడికి నేసిన వెల్ష్ ప్లెయిన్స్ అనే ముతక బట్ట ష్రూస్‌బరీ వర్తకుల చేతుల మీదుగా అట్లాంటిక్ దాటింది. కరీబియన్ దీవుల్లో, ఉత్తర అమెరికాలో బానిసలకు తొడిగిన బట్టల్లో అదొకటి. వేల్స్‌కు బానిస వ్యవస్థతో ఉన్న బంధాన్ని 2010లో వెలువడిన తన గ్రంథంలో క్రిస్ ఎవాన్స్ ఈ బట్ట ద్వారా కూడా చర్చించారు. వడికినవారు నిరుపేదలు, తొడుక్కున్నవారు నిర్బంధితులు. ఒకరినొకరు ఎన్నడూ చూడనివారు. గుమ్మానికి వచ్చి నూలు కొనే మనిషికి, ఎక్కడో ఉన్న కొనుగోలుదారుకు మధ్య గల తేడా మొదట ఇక్కడే కనిపిస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఆ తేడా మిల్లుల తలరాతనే మార్చింది. మాంట్‌గొమరీ సీమలోని న్యూటౌన్, లానిడ్లోస్ పట్టణాలు దూరపు విపణిని నమ్ముకున్నాయి. పెద్ద కట్టడాలు లేచాయి, ఫ్లానెల్ బేరాలకు ప్రత్యేక భవనం వెలిసింది. 1839లో లానిడ్లోస్ నేతగాళ్లు చార్టిస్టు తిరుగుబాటులో వీధికెక్కారు. అయితే అదే ఫ్లానెల్‌ను రోచ్‌డేల్ మిల్లులు ఇంకా చవకగా తీయడంతో ఆ పట్టణాల వెలుగు శతాబ్దం ముగిసేలోగానే మసకబారింది.

పడమటి వైపున టైవీ నది లోయకు మరో అదృష్టం పట్టింది. దక్షిణాన బొగ్గుగనులు విస్తరిస్తున్నాయి. చెమట పీల్చే ఫ్లానెల్ చొక్కా గనికార్మికుడికి కావాలి. రైలు దగ్గరకు వచ్చింది. డ్రెవాక్ ఫెలిన్డ్రె పరిసరాల్లో మిల్లులు వరుసగా వెలిశాయి. 1902లో కట్టిన కేంబ్రియన్ మిల్స్ వాటిలో ఒకటి. 1914లో యుద్ధం రాగానే సైన్యానికి ఫ్లానెల్ ఎంత ఉన్నా చాలలేదు. ఊరి రైతు ఉన్నిని వడికి ఇచ్చే తీరిక మిల్లులకు లేకపోయింది, అవసరమూ కనిపించలేదు. యుద్ధం ముగిశాక ప్రభుత్వం తన దగ్గర మిగిలిన సరుకును విపణిలోకి వదిలింది, ధరలు కూలాయి. బొగ్గు సీమల్లో నిరుద్యోగం పెరిగి చొక్కా కొనేవాడు కూడా కరువయ్యాడు. 1920ల నడుమ రెండు వందలకు పైగా ఉన్న వేల్స్ ఉన్నిమిల్లులు, 1970ల నడిమికి రెండు డజన్లకు కుదించుకుపోయాయి.

ఈ పతనానికి పాత యంత్రాలే కారణమని చెప్పడం పరిపాటి. అది సగం మాటే. అంతకంటే పాత యంత్రాలతో, ఊరి ఉన్నిని వడుకుతూ, నూలు, దుప్పట్లు అమ్ముకున్న మారుమూల మిల్లులు కొన్ని ఎక్కువ కాలం నిలిచాయి. 1760 ప్రాంతంలో లాన్ఊర్టిడ్ దగ్గర కట్టిన ఎస్గైర్ మోయిల్ మిల్లు 1940ల వరకు పనిచేసింది. సైన్యం వంటి ఒక్క కొనుగోలుదారు చేతిలో పడని మిల్లుకు ఆ కొనుగోలుదారు పోయినప్పుడు పోయేదీ తక్కువే. వందమంది చిన్న రాకపోకలు ఎన్నడూ ఐశ్వర్యం తేలేదు, ఒక్కసారిగా ఆగిపోనూ లేదు.

అయితే ఆ రాకపోకలను మరొక వైపు నుంచి చట్టం తాకింది. 1950లో బ్రిటిష్ ఉన్ని మార్కెటింగ్ బోర్డు ఏర్పడింది. రైతుకు నిలకడైన ధర దొరకాలన్నది దాని ఉద్దేశం, ఆ మేలు కాదనలేనిది. కాని రైతులు కత్తిరించిన ఉన్ని బోర్డుకే చేరాలన్న నియమంతో గొర్రెలమందకు, పక్క వాగు మిల్లుకు మధ్యనున్న పాత దారి మూసుకుపోయింది. తన కొండ ఉన్ని ఎవరి నూలులో కలిసిందో రైతుకు తెలియదు, తాను వడికే ఉన్ని ఏ కొండదో మిల్లుకు తెలియనక్కరలేదు.

ఆ తరువాత మిల్లు గుమ్మం తొక్కినవారు వేరు. కారులో వచ్చిన విహారయాత్రికులు యంత్రం ఆడుతుంటే చూసి, మంచం దుప్పటి ఒకటి, నూలు చిలపలు నాలుగు కొనుక్కుని పోయారు. ఎస్గైర్ మోయిల్‌ను రాయి రాయిగా విప్పి కార్డిఫ్ పక్కన సెయింట్ ఫేగన్స్ మ్యూజియంలో తిరిగి నిలబెట్టి 1952లో తెరిచారు. కేంబ్రియన్ మిల్స్ ప్రాంగణంలో 1976లో ఉన్ని మ్యూజియం వెలసింది. మిల్లును చూడడమే పనిగా వచ్చేవారున్న మాట నిజమే గాని, వారి సంచిలో ఉన్ని ఉండదు. 1990లలో లాంపిటర్‌లో వెలసి, ఆ తరువాత కార్న్‌వాల్‌కు తరలిన ఒక చిన్న మిల్లు మాత్రం పాత పద్ధతిని కొంతవరకు తిరిగి తెచ్చింది. అరుదైన జాతి గొర్రెలను కొద్దిగా పెంచుకునేవారు తమ ఉన్నిని పంపి, అదే ఉన్నితో వడికిన నూలును తిరిగి పొందే వీలు అక్కడ కలిగింది. రోలర్లను ఒక్కొక్కరి కోసం శుభ్రం చేసే ఖర్చును ఇప్పుడు నూలు ధరలోనే కలిపి కడుతున్నారు. ఇక బోర్డులో నమోదు కావాలన్న నిబంధన నాలుగు గొర్రెలకు మించి ఉన్నవారికే. నాలుగు, అంతకు తక్కువ ఉన్నవారు తమ ఉన్నిని ఎవరినీ అడగకుండా మూటగట్టుకుని ఏ మిల్లుకైనా నేటికీ తీసుకుపోవచ్చు.