సేంద్రియ అంగళ్ల పోటీ: సరిహద్దు కుటుంబాలు తెలుసుకొనవలసిన విషయాలు

తిరువళ్ళూరు, తిరుత్తణి పట్టణాలలో 'ఇయర్కై అంగాడి' అనే బోర్డులు ఇప్పుడు ఎవరికీ కొత్త కావు. తమిళంలో ఇయర్కై అంటే ప్రకృతి. అంగాడి మన అంగడియే. గానుగ నూనె, చిరుధాన్యాలు, బెల్లం, పాత రకాల బియ్యం అమ్మే చిన్న అంగళ్లు ఒక వైపు ఉన్నాయి. అవే సరకులను పొట్లాలలో నింపి అమ్మే సూపర్ మార్కెట్లు మరొక వైపు ఉన్నాయి. సెల్ ఫోనులో ఆర్డరు తీసుకొని సరకును ఇంటికే పంపే సంస్థలు ఇంకొక వైపు ఉన్నాయి. అందరూ చెప్పేది ఒకే మాట: 'మందులు లేని తిండి.' ఈ పోటీలో కొనుగోలుదారునికి దక్కేదేమిటి, రైతుకు మిగిలేదేమిటి, మాటను నమ్మవలసినదెక్కడ, కాగితం అడగవలసినదెక్కడ అనే విషయాలను ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

ప్రాంత నేపథ్యం

తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది. పటాస్కర్ సిఫారసులను అనుసరించి 1959లో చేసిన సరిహద్దుల మార్పు చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చినది. ఆనాడు తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరినది, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో చేరినది. తిరువళ్ళూరు జిల్లా 1997లో పాత చెంగల్పట్టు జిల్లా నుండి ఏర్పడినది. గీత మారినా సంతలు మారలేదు. పళ్ళిపట్టు, ఆర్.కె.పేట, ఊత్తుకోట వైపు కుటుంబాలకూ, నగరి, పిచ్చాటూరు, నాగలాపురం వైపు కుటుంబాలకూ ఇచ్చిపుచ్చుకోవడాలు నేటికీ సాగుతూనే ఉన్నాయి.

ఈ నేల వరికి, వేరుశనగకు, చెరకుకు, మామిడికి, కూరగాయలకు పేరుపొందినది. చెరకు రైతులకు తిరువాలంగాడులో సహకార చక్కెర మిల్లు ఉన్నది. కూరగాయలకు చెన్నై కోయంబేడు హోల్‌సేల్ మార్కెట్టు పెద్ద దిక్కు. మహానగరం ఇంత దగ్గరగా ఉండడమే సేంద్రియ వ్యాపారం ఇటువైపు పాకడానికి ప్రధాన కారణం. కొనేవారు నగరంలో ఉన్నారు, పండించేవారు వంద కిలోమీటర్ల లోపే ఉన్నారు.

పోటీ పెరిగిన తీరు

రైతు నేరుగా అమ్ముకొనే ఏర్పాటు రెండు రాష్ట్రాలలోనూ ఒకే సంవత్సరంలో మొదలైనది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు 1999 జనవరిలోను, తమిళనాడులో ఉళవర్ సందైలు అదే ఏడు నవంబరులోను ప్రారంభమైనాయి. ఇవి సేంద్రియ సంతలు కావు. అయితే దళారి లేకుండా కొనవచ్చుననే అలవాటును ఇవే నేర్పాయి.

తమిళనాడులో సేంద్రియ భావనను ఊరూరా తిరిగి చెప్పినవారు వ్యవసాయ శాస్త్రవేత్త జి. నమ్మాళ్వార్. ఆయన 2013 డిసెంబరులో మరణించారు. పాత వరి విత్తనాలను వెతికి పంచిన 'నెల్' జయరామన్ 170కి పైగా రకాలను కాపాడి 2018 డిసెంబరులో కన్నుమూశారు. మాప్పిళ్ళై సంబా, కరుప్పు కవుని, తూయమల్లి వంటి పేర్లు ఇప్పుడు అంగడి అరలలో కనిపించడం వెనుక ఇటువంటి వారి శ్రమ ఉన్నది. 2023ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత కొర్రలకు, సామలకు గిరాకీ మరింత పెరిగినది.

సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2016లో రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయాన్ని చేపట్టినది. లక్షలాది రైతులు ఇందులో చేరారు. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ మానవతా పురస్కారంలో భాగం దక్కినది. తమిళనాడు ప్రభుత్వం 2023 మార్చిలో సేంద్రియ వ్యవసాయ విధానాన్ని విడుదల చేసినది. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో 2,481 కోట్ల రూపాయలతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు ఆమోదం తెలిపినది.

పెద్ద సంస్థల ప్రవేశం

గిరాకీ ఉన్న చోటికి పెట్టుబడి వస్తుంది. హైదరాబాదులో 2004లో మొదలైన శ్రేష్ఠ సంస్థ '24 మంత్ర' పేరుతో సేంద్రియ సరకులను దేశమంతటా అమ్మినది. ఆ సంస్థను 2025లో ఐటీసీ కొనుగోలు చేసినది. 'ఆర్గానిక్ ఇండియా'ను 2024లో టాటా కన్స్యూమర్ సంస్థ 1,900 కోట్ల రూపాయల విలువ కట్టి కొన్నది. అంటే ఉప్పు, గోధుమపిండి అమ్మే సంస్థలే ఇప్పుడు సేంద్రియ కందిపప్పునూ అమ్ముతున్నాయి.

పెద్ద సంస్థ రాకతో ధర కొంత దిగుతుంది, సరకు ఏడాది పొడుగునా దొరుకుతుంది. అయితే దానికి ఒకే రకం సరకు టన్నుల కొద్దీ కావాలి. పళ్ళిపట్టు రైతు పండించే పది బస్తాల పాత రకం బియ్యాన్ని అది కొనదు. దానిని కొనేది ఊరి అంగడియే. ఊరి అంగడి మూతపడితే ఆ రైతుకు అమ్మే చోటు పోతుంది.

పోటీలో తక్కువ ధర ఒక్కటే గెలుపు కాదని చెప్పడానికి ఒక పాత ఉదాహరణ ఉన్నది. చెన్నైలో 1997లో మొదలైన సుభిక్ష కిరాణా గొలుసు చౌక ధరలతో దేశమంతటా వందలాది దుకాణాలు తెరిచినది. చేతిలో నగదు లేక 2009లో కుప్పకూలినది. అది సేంద్రియ వ్యాపారం కాదు గాని పాఠం ఒక్కటే. సరకు ఇచ్చినవాడికి డబ్బు సకాలంలో చేరని వ్యాపారం ఎంత పెద్దదైనా నిలువదు. రైతు ఏ అంగడికి సరకు ఇచ్చినా, ధర ఎంత అని అడిగిన నోటితోనే డబ్బు ఎన్ని రోజులకు అని కూడా అడగవలెను.

'సేంద్రియం' అనే మాటకు చట్టం

కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2017లో సేంద్రియ ఆహార నిబంధనలను ప్రకటించినది. అవి 2018 జూలై 1 నుండి అమలులో ఉన్నాయి. వీటి ప్రకారం ఒక సరకును సేంద్రియమని చెప్పి అమ్మవలెనంటే రెండు పద్ధతులలో ఒకదాని కింద ధ్రువీకరణ ఉండవలెను.

మొదటిది జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం. ఇది 2001లో ప్రారంభమైనది. గుర్తింపు పొందిన ధ్రువీకరణ సంస్థ పొలాన్ని తనిఖీ చేసి పత్రం ఇస్తుంది. తమిళనాడులో ప్రభుత్వమే కోయంబత్తూరు కేంద్రంగా సేంద్రియ ధ్రువీకరణ విభాగాన్ని నడుపుతున్నది. రసాయనాలు మానిన తరువాత ఏడాది పంటలకు రెండేళ్లు, మామిడి వంటి బహువార్షిక పంటలకు మూడేళ్లు మార్పిడి కాలం గడవవలెను. ఎగుమతికి ఈ పత్రమే కావలెను.

రెండవది పీజీఎస్-ఇండియా. ఇందులో రైతులు బృందంగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు పరిశీలించుకొని హామీ పడతారు. ఖర్చు చాలా తక్కువ. మార్పిడి కాలంలోని పంటకు 'పీజీఎస్ గ్రీన్' అని, పూర్తి అయిన పంటకు 'పీజీఎస్ ఆర్గానిక్' అని గుర్తు లభిస్తుంది. దేశంలో అమ్మకానికి ఇది చాలును.

చిన్న రైతుకు ఒక మినహాయింపు ఉన్నది. ఏడాదికి 12 లక్షల రూపాయలకు మించని అమ్మకం గల రైతు తన పంటను తానే నేరుగా వినియోగదారునికి అమ్మితే ధ్రువీకరణ తప్పనిసరి కాదు. కాని ప్రభుత్వ 'జైవిక్ భారత్' గుర్తును వాడరాదు. అవతలి రాష్ట్రం పత్రం ఇక్కడ చెల్లదేమో అనే సందేహం అక్కరలేదు. ఈ రెండు పద్ధతులూ కేంద్ర ప్రభుత్వానివే గనుక నగరిలో పొందిన పత్రం తిరుత్తణిలోనూ చెల్లుతుంది.

కొనేటప్పుడు చూడవలసినవి

1. పొట్లంపై 'జైవిక్ భారత్' గుర్తు, దానితో పాటు 'ఇండియా ఆర్గానిక్' లేదా పీజీఎస్ గుర్తు ఉన్నదా అని చూడండి.

2. ఆహార భద్రతా సంస్థ లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ సంఖ్య 14 అంకెలు ఉంటుంది. ఇది ప్రతి ఆహార పొట్లంపై ఉండవలసినదే. ఇది ఉన్నంత మాత్రాన సరకు సేంద్రియం కాదు.

3. 'నేచురల్', 'నాటు', 'పల్లె రుచి' వంటి మాటలు ధ్రువీకరణ కావు.

4. గానుగలో ఆడించిన నూనె అంటే ఆడించిన పద్ధతిని చెప్పినట్లు మాత్రమే. గింజలు మందులు కొట్టిన చేనివై ఉండవచ్చును. పాత రకం బియ్యం, చిరుధాన్యాలు కూడా అంతే. విత్తనం పాతదైనంత మాత్రాన సాగు సేంద్రియం కాదు.

5. విడిగా తూచి అమ్మే అంగడిలో, సరకు ఏ ఊరి నుండి, ఏ బృందం నుండి వచ్చినదని అడగండి. పత్రంలో పంట పేరు, గడువు తేదీ చూడండి. నిజంగా తెచ్చినవాడు ఊరి పేరు చెప్పడానికి వెనుకాడడు.

తమిళ బోర్డు, తెలుగు పేరు

రెండు భాషల మధ్య జీవించే కుటుంబాలలో పేర్ల వలన పొరపాట్లు కలుగుతుంటాయి. ఈ పట్టికను కత్తిరించి ఉంచుకొనవచ్చును.

తినై – కొర్రలు
సామై – సామలు
వరగు – అరికెలు
పనివరగు – వరిగలు
కుదిరైవాలి – ఊదలు
కేళ్వరగు – రాగులు
కంబు – సజ్జలు
చోళం – జొన్నలు
కడలై ఎణ్ణెయ్ – వేరుశనగ నూనె
నల్లెణ్ణెయ్ – నువ్వుల నూనె
నాట్టు చక్కరై – బెల్లపు పొడి
కరుప్పట్టి – తాటిబెల్లం
మరచెక్కు – కొయ్య గానుగ

వీటిలో మూడవ పేరును ప్రత్యేకంగా గమనించండి. తమిళంలో వరగు అంటే మన వరిగలు కావు, అరికెలు. వరిగలు కావలసినవారు పనివరగు అని అడగవలెను. రెండింటి ధరా ఒకటి కాదు, వండే తీరూ ఒకటి కాదు.

ధర ఎందుకు ఎక్కువ

మార్పిడి కాలంలో రైతుకు దిగుబడి తగ్గవచ్చును, పూర్తి సేంద్రియ ధర మాత్రం రాదు. కలుపు తీయడానికి కూలీల ఖర్చు ఎక్కువ. మందు పొగ పెట్టని ధాన్యానికి పురుగు త్వరగా పడుతుంది. చిన్న మొత్తాలలో రవాణా చేయడం వలన కిలోకు పడే బాడుగ పెరుగుతుంది. వీటన్నిటి మీద అంగడి లాభం చేరుతుంది.

కుటుంబ లెక్క ఇలా వేసుకొనవచ్చును. మామూలు బియ్యం కిలో 55 రూపాయలు, సేంద్రియ బియ్యం 90 రూపాయలు అనుకుందాం. నెలకు 30 కిలోలు వాడే ఇంటికి అదనపు భారం 1,050 రూపాయలు. కూలి మీద బ్రతికే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. అన్నీ మార్చలేనివారు కొన్నిటితో మొదలుపెట్టవచ్చును. తరచుగా మందులు కొట్టే కూరగాయలను, ఆకుకూరలను పెరటిలో పండించుకొనడం అన్నిటికన్నా చౌక. అప్పు చేసి సేంద్రియ సరకు కొనవలసిన పని లేదు. ఆకుకూరను బాగా కడిగి వండుకొని, పిల్లలకు రాగి సంకటి పెట్టే ఇల్లు ఏ పొట్లానికీ తీసిపోదు.

రైతులకు, అంగళ్లకు మార్గాలు

ఒక్కొక్క రైతు విడిగా వెళితే పెద్ద అంగడి ధర తానే చెబుతుంది. ఇరుగుపొరుగు రైతులు కలిసి పీజీఎస్ బృందంగా ఏర్పడితే పత్రమూ వస్తుంది, బేరమాడే బలమూ వస్తుంది. ఇంకా పెద్ద స్థాయిలో రైతు ఉత్పత్తిదారుల సంస్థగా నమోదు కావచ్చును. ధాన్యాన్ని బియ్యంగా, వేరుశనగను నూనెగా మార్చి అమ్మితే రైతుకు మిగిలే భాగం పెరుగుతుంది. అలా సరకు తయారుచేసి అమ్మేవారు ఆహార భద్రతా సంస్థ వద్ద రిజిస్ట్రేషన్ తప్పక చేయించుకొనవలెను.

చిన్న అంగడి యజమాని ధరలో పెద్ద సంస్థతో పోటీ పడలేడు. అతని బలం వేరే చోట ఉన్నది. సరకు పండిన ఊరిని, పండించినవారి పేరును, కోసిన నెలను పలక మీద వ్రాసి పెట్టగలడు. ఏ సరకుకు పత్రం ఉన్నదో, దేనికి లేదో నిజాయితీగా విడదీసి చెప్పగలడు. అన్నిటినీ 'ఇయర్కై' అని ఒకే బోర్డు కింద కలిపి అమ్మితే, ఒక్క సరకు నకిలీ అని తేలిన నాడు మిగిలినవాటి మీద కూడా నమ్మకం పోతుంది. ఆ నష్టం అంగడితో ఆగదు. రెండు మూడేళ్లు దిగుబడి తగ్గినా ఓర్చుకొన్న రైతు దాకా పోతుంది.

పత్రం అడగడాన్ని అవమానంగా భావించే అంగడి ఉండవచ్చును. అయినా అడగండి. అడిగే కుటుంబాలు పెరిగినప్పుడే నిజంగా పండించినవాడికి, ఉత్త బోర్డు పెట్టినవాడికి తేడా తెలుస్తుంది. ఎక్కువ ధర ఇస్తున్న మనకు ఆ హక్కు ఉన్నది. మన ఊరి రైతుకు మనం చేయగల మేలు కూడా అదే.