పై చదువుల దరఖాస్తు: కవరు నుంచి క్లిక్కు దాకా

ఈ స్వర్ణోత్సవ సంచికలో విదేశాల్లో స్థిరపడ్డ పూర్వ విద్యార్థుల పేర్లు చాలానే కనిపిస్తాయి. వాళ్లు అక్కడ ఏం సాధించారో మనందరికీ తెలుసు. అక్కడికి చేరడానికి ముందు నడిచిన తతంగాన్ని, అంటే అమెరికాలో ఎమ్మెస్‌కు దరఖాస్తు పెట్టడమనే వ్యవహారాన్ని మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. మనలాంటి ఊళ్లకు ఒక తరంలో వచ్చి, ఆ తరంలోనే రూపం మార్చుకున్న విద్య అది.

సీటు వేరు, డబ్బు వేరు అన్నది మనవాళ్లకు మొదటి నుంచీ అనుభవమే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకుని సర్జరీ ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో బయటపడ్డారు. హార్వర్డ్‌లోని ఉష్ణమండల వైద్య విద్యాలయం ఆయనకు సీటు ఇచ్చింది గానీ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. మామగారి సాయానికి కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం తోడైతే గానీ ప్రయాణం కుదరలేదు. బోస్టన్‌లో ఆస్పత్రిలో చిన్నపాటి పని చేసుకుంటూ చదివి, 1930లో హార్వర్డ్‌లోనే పీహెచ్‌డీ అందుకున్నారు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు నుంచి వచ్చి, తర్వాత ఈసీఐఎల్‌ను నిలబెట్టిన ఎ.ఎస్.రావు గారు 1940లలో స్టాన్‌ఫర్డ్ వెళ్లింది టాటా స్కాలర్‌షిప్ మీద. అప్పట్లో ఇలా ఒక్కొక్కరిదీ ఒక్కో కథ.

1980ల చివరికి, అంటే మా తరం ఇంజనీరింగ్ పూర్తిచేసే నాటికి, అది గుంపు వ్యవహారమైంది. మొదటి మెట్టు ఎయిరోగ్రాం. నీలం రంగు మడత కాగితం మీద దరఖాస్తు ఫారం పంపమని పది యూనివర్సిటీలకు రాయాలి. వాటి అడ్రసులు సీనియర్ల నోటుపుస్తకాల్లోంచి చేతులు మారుతూ వచ్చేవి. జీఆర్‌ఈలో మూడు భాగాలు, ఒక్కోదానికి 800 చొప్పున మొత్తం 2400. లెక్కలు మనవాళ్లకు నల్లేరు మీద బండి నడకే. ఇంగ్లిషు మాటల దగ్గరే చిక్కు. అబిడ్స్ పేవ్‌మెంటు మీద కొన్న పాత బ్యారన్స్ పుస్తకంలోని మాటల పట్టికను ఎక్కాల్లా బట్టీ పట్టేవాళ్లం. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను జాబ్ టైపింగ్ సెంటర్‌లో కొట్టించాలి. ఒక్క తప్పు పడితే పేజీ మొత్తం మళ్లీ మొదటికి.

అన్నిటికంటే విచిత్రం పేర్ల గొడవ. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది. అమెరికా ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు. మన శ్రీనివాసరావులు కొందరు అక్కడికి వెళ్లాక మిస్టర్ రావులయ్యారు, కొందరికి ఇంటిపేరే పిలిచే పేరైపోయింది. పుట్టినతేదీదీ అదే కథ. ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు హెడ్మాస్టరు గారు వయసు సరిపెట్టడానికి వేసిన తేదీయే పాస్‌పోర్టు మీదికి, అక్కడి నుంచి వీసా మీదికి ఎక్కింది. మన బ్యాచ్‌లలో జూన్, జూలై పుట్టినరోజులు అన్నెందుకున్నాయో మాస్టార్లకు వేరే చెప్పక్కర్లేదు.

బడి కాగితానికి ఇక్కడ ఇంకో బలం కూడా ఉండేది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం రాష్ట్రంలో కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులవి. ఎవరు స్థానికులో తేల్చడానికి బడి ఇచ్చిన స్టడీ సర్టిఫికెట్టే ఆధారం. మన దరఖాస్తు అడిగేది అదే: ఎక్కడ చదివావు, ఎన్ని మార్కులొచ్చాయి, గెజిటెడ్ ఆఫీసరు పచ్చ సిరాతో సంతకం పెట్టాడా. కాండక్ట్ సర్టిఫికెట్‌లో అందరి నడవడికా ఒకటే, గుడ్.

అమెరికా ఫారం అడిగింది వేరు. ఎందుకు చదువుతావు, నిన్నెరిగిన ముగ్గురు ఏమంటారు? మేం తడబడింది అక్కడే. రికమెండేషన్ ఫారంలో గడులుండేవి: మీరు బోధించిన విద్యార్థుల్లో ఇతడు పైనుంచి 1 శాతంలో ఉంటాడా, 5 శాతంలోనా, 10 శాతంలోనా? 60 మంది క్లాసులో 5 శాతమంటే ముగ్గురు. దరఖాస్తు పెట్టినవాళ్లు ఎందరైనా అందరికీ టిక్కు ఆ గడిలోనే పడేది. ఆ పక్కనే, ఈ లేఖను చూసే హక్కు వదులుకుంటున్నాను అని విద్యార్థి సంతకం చేయాలి. విద్యార్థులకు తమ రికార్డులు చూసుకునే హక్కునిస్తూ అమెరికా చేసిన చట్టం వల్ల వచ్చిన గడి అది. చిత్రంగా ఆ చట్టమూ 1974దే. చూడనని సంతకం చేసిన లేఖను విద్యార్థే రాసుకుని, లెటర్‌హెడ్ మీద టైపు కొట్టించి, లెక్చరర్ గారి దగ్గరికి సంతకానికి తీసుకెళ్లడం మామూలు ఆచారం. కవరు అంటించిన చోట అడ్డంగా ఆయన సంతకం, సీలు కూడా ఉండేవి.

ఇందులో లెక్చరర్లను తప్పుపట్టలేను. విద్యార్థిని కాగితం మీద బేరీజు వేయమని వాళ్లను అంతకుముందు ఎవరూ అడగలేదు. అయినా కొందరు కూర్చుని స్వయంగా రాసేవారు. ల్యాబ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ రీడింగులు తేడా వస్తే, పక్కవాడివి చూసి దిద్దుకోకుండా మళ్లీ మొదటి నుంచి తీశాడు అని రాసిన ఒక్క వాక్యం, అవుట్‌స్టాండింగ్ అని నాలుగుసార్లు కొట్టించిన పేజీ కంటే బరువు తూగుతుంది. నేను ఉద్యోగంలో మనుషుల్ని ఎంపిక చేసేటప్పుడు వెతికేదీ అలాంటి వాక్యం కోసమే.

ఇక డబ్బు. ఐ-20 ఫారంలో ఏడాది ఖర్చు డాలర్లలో ఉంటుంది, చూపించే ఆస్తి మాత్రం పొలం, ఇల్లు, ఎమ్మార్వో ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్. 1991 జూలై 1, 3 తేదీల్లో ప్రభుత్వం రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించింది. డాలరు దాదాపు 21 రూపాయల నుంచి 26కు చేరింది. 12,000 డాలర్లు చూపాల్సిన కుటుంబానికి ఆ మూడు రోజుల్లో 60,000 రూపాయలు పెరిగాయి. సరిగ్గా ఆగస్టు చదువులకు బయల్దేరే వేళ అది. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లో గానీ రాలేదు. అప్పటికి దిక్కు మద్రాసు జెమిని సర్కిలే. సీటు వచ్చి, వీసా వరుసలో తెల్లవారుజామున నిలబడి, సాయంత్రం బండికి ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్లు మన తరంలో తక్కువమంది కారు.

1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లలో ఎయిరోగ్రాం పోయింది, ఫారం తెర మీదికొచ్చింది. సీనియర్ నోటుపుస్తకం చేసిన పని కన్సల్టెన్సీ చేతికి వెళ్లింది. యూనివర్సిటీని ఎంచేదీ, స్టేట్‌మెంట్ రాసేదీ చాలాచోట్ల వాళ్లే. కొన్నిసార్లు లెక్చరర్ పేరుతో వెళ్లే ఈమెయిలూ వాళ్లదే. దారి తెలియని ఊళ్ల పిల్లలకు దీనివల్ల మేలు జరగలేదనను. మాకు తెలిసిన సీనియర్ లేకపోతే అసలు దారే లేదు. కానీ 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు చిక్కుకున్న పిల్లల్లో చాలామంది మనవాళ్లే. కొందరి కాళ్లకు జాడ తెలిపే పరికరాలు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ వంతు. అందులో 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. ఆ యూనివర్సిటీని నడిపింది అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులే. దొంగ అడ్మిషన్లను పట్టుకోవడానికి పన్నిన వల అది.

తెలిసి చేరినవాళ్లెందరు, మోసపోయినవాళ్లెందరు అన్నది వేరే చర్చ. గుర్తింపు ఉందా లేదా అని మాత్రమే చూసినవాడు ఫార్మింగ్టన్‌లో తప్పు పట్టలేకపోయేవాడు, పేరు ప్రభుత్వ జాబితాలోనే ఉంది. అక్కడ లేనివి క్లాసులు, లేనివాళ్లు ప్రొఫెసర్లు. ఫలానా ప్రొఫెసరు గారూ, మీరేం పరిశోధిస్తున్నారు, నాకిది నేర్చుకోవాలనుంది అని సొంతంగా ఒక ఉత్తరం రాద్దామనుకున్నవాడికి, ఎవరి పేరున రాయాలో తోచక అక్కడే అనుమానం వచ్చి ఉండేది. మన బడి పిల్లలు ఫోన్ చేసి ఏ కన్సల్టెన్సీ మంచిదంకుల్ అని అడిగితే, ముందు ఆ ఉత్తరం రాసి నాకు చూపించమంటున్నాను.