పల్నాటి చరిత్రాధారాలు – వెబ్ సూచికలు: సైట్‌మ్యాప్, రోబోట్స్ ఆదేశాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: పల్నాటి చరిత్రకు సంబంధించిన గ్రంథాలు, శాసనపాఠాలు, ఆలయ వివరాలు వెబ్‌లో ఉన్నంత మాత్రాన పరిశోధకునికి అందవు. ఏ పుటలున్నాయో శోధనయంత్రాలకు తెలిపే సైట్‌మ్యాప్, ఎక్కడికి రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైలు ఎలా పుట్టాయో, తెలుగు లిపి విషయంలోను పల్నాటి ఊరిపేర్ల విషయంలోను ఎలా పనిచేస్తున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. ఉపోద్ఘాతం

రాబర్ట్ సీవెల్ మద్రాసు ప్రెసిడెన్సీ పురావస్తు అవశేషాల జాబితా మొదటి సంపుటాన్ని 1882లో ప్రకటించారు. అప్పటికి పల్నాడు కృష్ణా జిల్లాలో ఒక తాలూకా. ఆ జాబితా జిల్లా, తాలూకా, గ్రామం అనే క్రమంలో సాగుతుంది. ఊరి పేరు, తాలూకా ముఖ్యస్థలం నుంచి దూరం, దిక్కు, అక్కడ కనిపించే గుడి లేదా శాసనం – ఇంతకు మించి చాలాచోట్ల వివరణ ఉండదు. శాసనాలను చదివి వ్యాఖ్యానించే పని తర్వాతివారిది. అవి ఎక్కడున్నాయో చెప్పడం జాబితా పని. మాచర్లకో కారెంపూడికో బయలుదేరవలసిన పరిశోధకునికి ముందుగా కావలసినదీ అదే. వెబ్‌లో ఈ పనిని చేయడానికి ఏర్పడినది సైట్‌మ్యాప్.

2. నిషేధం ముందు, జాబితా తరువాత

వెబ్ తొలినాళ్లలో ఒక పుట నుంచి మరొక పుటకు లంకెల వెంట తిరిగే క్రాలర్లు చిన్న సర్వర్లకు భారమయ్యాయి. దీనికి పరిష్కారంగా మార్టిన్ కోస్టర్ 1994లో రోబోట్స్ ఫైలును ప్రతిపాదించారు. వెబ్‌సైటు మూలస్థానంలో ఒక సాధారణ పాఠఫైలు ఉంటుంది. అందులో 'యూజర్-ఏజెంట్' అన్న పంక్తి ఏ క్రాలర్‌ను ఉద్దేశించిందో, 'డిసాలో' అన్న పంక్తి ఏ దారిలోకి రావద్దో చెబుతాయి.

ఇదే కోస్టర్ రూపొందించిన ఆలీవెబ్‌ను ఈ చరిత్ర చెప్పేవారు తరచు విస్మరిస్తారు. అందులో వెబ్‌సైటు నిర్వాహకులే తమ పుటల వివరసూచికను తయారుచేసి, అది ఎక్కడుందో తెలియజేయాలి. అంటే, 'ఇటు రావద్దు' అన్న మాట, 'మా దగ్గర ఇవి ఉన్నాయి' అన్న మాట దాదాపు ఒకే కాలంలో ఒకే వ్యక్తి ఆలోచనలో ఉన్నాయి. మొదటిది నిలిచింది. రెండవది లంకెల వెంట తామే తిరిగి సేకరించే శోధనయంత్రాల ముందు నిలవలేదు. నిర్వాహకుడే జాబితా ఇచ్చే పద్ధతి 2005లో గూగుల్ సైట్‌మ్యాప్‌తో మళ్లీ వచ్చింది. 2006 నవంబరులో యాహూ, మైక్రోసాఫ్ట్ దానిని ఉమ్మడి ప్రమాణంగా అంగీకరించాయి. 2007లో సైట్‌మ్యాప్ చిరునామాను రోబోట్స్ ఫైలులోనే ఒక పంక్తిగా రాసే వీలు కలగడంతో పదమూడేళ్ల ఎడం తర్వాత రెండు మాటలూ ఒకేచోట చేరాయి.

3. తెలుగు లిపి, ఊరిపేర్లు

సైట్‌మ్యాప్ యూటీఎఫ్-8 సంకేతంలో ఉండాలన్నది నియమం. యూనికోడ్ తొలి కూర్పు నుంచే తెలుగుకు చోటున్నా, తెలుగు పత్రికలు చాలాకాలం సొంత ఫాంట్లతోనే వెబ్‌లో నడిచాయి. పాఠకునికి తెలుగుగా కనిపించిన వార్త, క్రాలర్‌కు అర్థంలేని రోమన్ అక్షరాల వరుస. అటువంటి పుటకు సైట్‌మ్యాప్ ఉన్నా ప్రయోజనం స్వల్పం.

చిరునామాలో తెలుగు వాడితే మరొక చిక్కు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు. సైట్‌మ్యాప్‌లో ఒక్కొక్క బైటు శాతం గుర్తుతో కలిపి మూడక్షరాలవుతుంది. 'పల్నాడు' అన్న మాటలో పొల్లు, గుణింతపు గుర్తులతో కలిపి ఏడు సంకేతాలున్నాయి. చిరునామాలో అది 63 అక్షరాలు. ఇది దోషం కాదు, యంత్రానికి భారమూ కాదు. అయితే నిర్వాహకుడు ఆ వరుసను చూసి పొరపాటనుకొని చేతితో దిద్దితేనే అసలు పొరపాటు జరుగుతుంది.

ఊరిపేర్ల సమస్య ఇంతకంటె లోతైనది. కారెంపూడి, కార్యమపూడి ఒకే ఊరు. గురజాలను గురిజాల అన్న రూపమూ ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరిన తెలుగు గ్రంథాల పేర్లు ఎక్కువగా రోమన్ లిపిలో, ఒక పద్ధతి లేని లిప్యంతరీకరణలో ఉన్నాయి. పల్నాటి వీరచరిత్రను తెలుగు లిపిలో వెదికేవానికి రోమన్ లిపిలో పేరు నమోదైన ప్రతి కనిపించకపోవచ్చు. సైట్‌మ్యాప్ పుట ఉనికిని చెప్పగలదు, దాని పేరును దిద్దలేదు. పేరు దిద్దవలసింది సూచీకర్త. ఆ పని సాహిత్య విద్యార్థిది కూడా.

4. ఆదేశానికి ఉన్న హద్దు

రోబోట్స్ నియమాలు 2022 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 9309గా ప్రమాణీకరణ పొందాయి. ఇవి ప్రవేశాధికారాన్ని నిర్ణయించేవి కావని ఆ పత్రమే స్పష్టం చేస్తుంది. పైగా ఈ ఫైలును ఎవరైనా చదవవచ్చు. విద్యార్థుల వ్యక్తిగత వివరాలున్న సంచయం పేరును 'డిసాలో' కింద రాస్తే, దానిని దాచినట్లు కాదు, దాని దారిని ప్రకటించినట్లు. అక్కడ కావలసింది సంకేతపదం. అలాగే, నిషేధించిన పుట చిరునామా ఇతర లంకెల ద్వారా శోధనఫలితాల్లో కనిపించవచ్చు. పుట ఫలితాల్లోకే రాకూడదంటే 'నోఇండెక్స్' అన్న సూచన పుటలోనే ఉండాలి. దానిని చదవడానికి క్రాలర్‌ను లోపలికి రానివ్వాలి. ఈ రెండింటినీ కలిపి వాడి, రెండూ చెడగొట్టుకోవడం తరచు జరిగే తప్పు.

దీనికి విరుద్ధమైన ప్రమాదమూ ఉంది. నిర్మాణదశలో 'డిసాలో' ఎదుట పెట్టిన ఒక్క ఏటవాలు గీత మొత్తం వెబ్‌సైటును మూసివేస్తుంది. దానిని తొలగించడం మరచిపోతే కళాశాల గ్రంథాలయం ఎంత శ్రమించి స్కాన్ చేసినా ఆ పుటల పాఠం సూచికకెక్కదు.

5. జిల్లా మారినపుడు

పల్నాడు 1904 నుంచి గుంటూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. రోబోట్స్ ఫైలు తానున్న హోస్టుకే వర్తిస్తుంది. సైట్‌మ్యాప్ కూడా సాధారణంగా తన హోస్టులోని పుటలనే చెప్పగలదు. కనుక ఏ సంస్థ అయినా గుంటూరు పేరుతో ఉన్న పుటలను పల్నాడు పేరుతో ఉన్న హోస్టుకు తరలిస్తే పాత ఆదేశాలు వెంట రావు. కొత్త సైట్‌మ్యాప్ రాయాలి. పాత చిరునామా నుంచి కొత్తదానికి శాశ్వత మళ్లింపు ఇవ్వాలి. పనిలోపనిగా పాత దారిని రోబోట్స్ ఫైలులో నిషేధించడం చక్కబెట్టినట్లే కనిపిస్తుంది. కాని అలా చేస్తే క్రాలర్ ఆ దారిలో అడుగుపెట్టదు, అక్కడి మళ్లింపును చూడదు. పాత వ్యాసాల్లో ఉదాహరించిన మాచర్ల, గురజాల పుటల లంకెలకు, కొత్త పుటలకు ఉన్న సంబంధం దానికి తెలియదు.