రోడ్డెక్కిన పేరు

పేరు రోడ్డెక్కిందంటే పరువు పోయిందని మన లెక్క. గచ్చిబౌలిలో ఒక పేరు మాత్రం దర్జాగా రోడ్డెక్కి కూర్చుంది. ట్రిపుల్ ఐటీకి కొరియర్ పంపాలన్నా, పక్కనే ఉన్న సెంట్రల్ యూనివర్సిటీకి ఉత్తరం రాయాలన్నా చిరునామాలో 'ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్' అని రాయాల్సిందే. ఆ దారిన రోజూ క్యాబుల్లో, కంపెనీ బస్సుల్లో పోయేవాళ్ళలో చాలామందికి అది ఫోన్లో మ్యాపు చదివే ఒక మలుపు, అంతే.

ఆ రోడ్డు పక్క హాస్టళ్ళలో ఎం.టెక్‌లు, పీహెచ్‌డీలు చేస్తున్న పిల్లలకి ఈ మధ్య కొత్త బెంగ ఒకటి పట్టుకుంది. దాని పేరు 'పర్సనల్ బ్రాండ్'. లింక్డిన్‌లో ఫొటో బాగుండాలి, వారానికో పోస్టు పడాలి, సొంత వెబ్‌సైటు ఉండాలి. గైడు చెప్పిన ప్రయోగం నాలుగు రోజులు ఆగినా పరవాలేదు గానీ ప్రొఫైల్ ఆగకూడదు.

మనిషి తనను తాను ఒక బ్రాండులా చూసుకోవాలన్న మాటను జనంలోకి తెచ్చింది అమెరికాలో టామ్ పీటర్స్. 1997 ఆగస్టులో ఫాస్ట్ కంపెనీ పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. మరుసటి ఏడాది మాదాపూర్ బండరాళ్ళ మధ్య సైబర్ టవర్స్ తెరుచుకుంది. ట్రిపుల్ ఐటీ మొదలైందీ ఆ 1998లోనే. అంటే ఆ మాటకీ, ఈ పేటకీ ఇంచుమించు ఒకటే ఈడు. అసలు హైదరాబాద్‌కి సైబర్ తగిలించి 'సైబరాబాద్' అనడమే పెద్ద బ్రాండింగ్. కానీ చేతిలో పీహెచ్‌డీ పట్టా కూడా లేని కుర్రవాడు ప్రపంచమంతా పలికే పేరు సంపాదించిన కథ అంతకు అర్ధశతాబ్దం ముందుది. ఆ కుర్రవాడి పేరే రోడ్డుకి పెట్టారు.

కల్యంపూడి రాధాకృష్ణ రావు 1920లో బళ్ళారి ప్రాంతంలోని హడగలిలో, తెలుగు ఇంట్లో పుట్టారు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, యుద్ధకాలంలో సైన్యంలో ఉద్యోగం దొరుకుతుందేమోనని కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి 1941లో శిక్షణకి చేరారు. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం ఎం.ఎ. పూర్తయింది. మరుసటి ఏడాదికల్లా అక్కడే పాఠం చెబుతున్నారు.

ఒకరోజు క్లాసులో, నమూనా చాలా పెద్దదైతే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో గణాంకశాస్త్రవేత్త ఫిషర్ చెప్పిన ఫలితాన్ని వివరిస్తున్నారు. విద్యార్థుల్లో దాండేకర్ అనే ఆయన లేచి, మరి నమూనా చిన్నదైతే ఏమిటని అడిగారు. తర్వాతి కాలంలో దేశంలో పేదరికం మీద లెక్కలు తీసిన ఆర్థికవేత్త వి.ఎం. దాండేకర్ ఈయనే. రావు దగ్గర అప్పటికి జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని సాధించి, మర్నాడు క్లాసులో నిరూపణ చూపించారు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. ఆ మెతుకుని ఎంతవరకు నమ్మొచ్చన్నదే ఇక్కడ ప్రశ్న. పట్టుకున్న మెతుకుని బట్టి అంచనా కాస్త అటూ ఇటూ ఊగుతుంది. ఏదో ఒక పక్కకి మొగ్గకుండా వేసే అంచనాలో ఆ ఊగిసలాట ఒక హద్దుకన్నా తగ్గదని, ఆ హద్దుని నిర్ణయించేది నమూనాలో ఉన్న సమాచారమేనని రావు తేల్చారు. గరిట మార్చినంత మాత్రాన గిన్నెలో కూర పెరగదు కదా! ఈ రోజుకీ రాడార్ ఇంజనీర్లు తమ పద్ధతి ఎంత బాగా పనిచేస్తోందో చూసుకునేది ఈ హద్దుతో పోల్చుకునే.

1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో 11 పేజీల వ్యాసంగా ఇది అచ్చయింది. ఫ్రాన్సులో ఫ్రెషే 1943లోనే ఇలాంటి ఫలితం రాశారు. స్వీడన్‌లో క్రామేర్ 1946లో తన పుస్తకంలో విడిగా రాశారు. తర్వాతివాళ్ళు దీన్ని 'క్రామేర్–రావు హద్దు' అన్నారు. అదే వ్యాసంలోని ఇంకో ఫలితానికి 1947లో బ్లాక్‌వెల్ కూడా చేరుకోవడంతో అది 'రావు–బ్లాక్‌వెల్' అయింది. కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గర రావు పీహెచ్‌డీ పూర్తిచేసింది 1948లో. 2023లో, 102 ఏళ్ళ వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది, ఈ 1945 వ్యాసానికే. ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు.

తెలుగువాడికి ఇందులో ఒక తమాషా కనిపిస్తుంది. ఆయన ఇంటిపేరు కల్యంపూడి, ఇంగ్లీషులో 'సి'తో మొదలవుతుంది. మనకి ఇంటిపేరు ముందుంటుంది, ఇంగ్లీషు పత్రికలు చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటాయి. అలా పేరు చివర గౌరవంగా తగిలించే 'రావు' సిద్ధాంతానికి పేరైపోయింది. లేకపోతే ఇంజనీరింగ్ పిల్లలు 'క్రామేర్–కల్యంపూడి' అని బట్టీ పట్టేవాళ్ళు.

ఆ తమాషా ఇప్పటి విద్యార్థికి తలనొప్పి. 'ఎస్. రావు' అని, 'కె. రెడ్డి' అని వెతికితే ఎవరెవరి పేపర్లో వచ్చిపడతాయి. పాస్‌పోర్టులో ఒకలా, పదో తరగతి మెమోలో ఒకలా, మొదటి పేపర్లో ఇంకోలా ఉంటే ఒక్క మనిషే ముగ్గురవుతాడు. 2012 అక్టోబరులో ఆర్కిడ్ మొదలైంది ఈ చిక్కు విప్పడానికే. పరిశోధకుడికో 16 స్థానాల నంబరు, డబ్బు కట్టక్కర్లేదు, పేరు మారినా నంబరు మారదు. పేపర్లకి ఆధార్ లాంటిదనుకోండి. బ్రాండు సంగతి తర్వాత, ముందు చేసిన పని చేసినవాళ్ళ ఖాతాలో పడాలి కదా.

మళ్ళీ ఆ రోడ్డు మీదికే వద్దాం. 2019లో ట్రిపుల్ ఐటీలో సి.వి. జవహర్ బృందం ఒక పని తలపెట్టింది: ఒక భాషలో మాట్లాడిన వీడియోని ఇంకో భాషలోకి మార్చినప్పుడు, పెదాలు కూడా ఆ భాషకి తగ్గట్టు కదలాలి. డబ్బింగ్ సినిమాలో హీరో నోరు మూసుకున్నా డైలాగు నడుస్తుంటుందే, ఆ రోగానికి మందు. మొదట చేసిన లిప్‌గ్యాన్‌లో పెదాలు గీసే నెట్‌వర్క్ ఒకటి, తప్పు పట్టే నెట్‌వర్క్ ఒకటి. ఆ తప్పు పట్టేది ఒక్క ఫ్రేము చూసి తీర్పు చెప్పేది. అది సరిగ్గా పట్టుకున్నది సుమారు 56 శాతం, బొమ్మా బొరుసా వేసినదానికన్నా ఏ కాస్తో మెరుగు.

పరిశోధక విద్యార్థులు కె.ఆర్. ప్రజ్వల్, రుద్రాభ ముఖోపాధ్యాయ అక్కడ పట్టుకున్నారు. పెదాల కదలికని ఒక్క బొమ్మలో ఎలా చూస్తాం? వరసగా ఐదు ఫ్రేములు, అంటే సెకనులో ఐదో వంతు, చూసే న్యాయనిర్ణేతని పెట్టారు. దానికి ముందే అసలు వీడియోలతో తర్ఫీదు ఇచ్చి, ఆపైన మార్చకుండా ఉంచేశారు. నిర్మాతలతో తిరిగితే సమీక్షకుడికి మొహమాటం పెరుగుతుంది, అందుకని దూరం పెట్టారన్నమాట. తప్పు పట్టడం 91 శాతానికి చేరింది. 2020లో వచ్చిన ఈ పద్ధతి పేరు వావ్2లిప్. జవహర్‌తో పాటు వినయ్ నంబూద్రి కూడా ఆ పేపర్లో ఉన్నారు.

పేపరు అచ్చేసి ఊరుకోలేదు. కోడ్‌ని, తర్ఫీదు పొందిన మోడల్‌ని గిట్‌హబ్‌లో రుద్రాభ సొంత పేరుతో ఉన్న ఖాతాలోనే పెట్టారు. వ్యాపారానికి వాడొద్దన్నారు, దీనితో చేసిన వీడియో కృత్రిమమని స్పష్టంగా చెప్పి తీరాలన్నారు. 10,000 మందికి పైగా దానికి నక్షత్రం గుర్తు నొక్కారు. దించుకున్న ప్రతివాడి కంటా అడ్రసులో ఆ పేరు పడింది. ప్రజ్వల్ ఆక్స్‌ఫర్డ్‌కి వెళ్ళారు. తర్వాత ఇద్దరూ ఇంకొందరితో కలిసి సింక్ ల్యాబ్స్ అనే కంపెనీ పెట్టారు.

డెబ్బై అయిదేళ్ళ తేడాతో జరిగిన ఈ రెండు కథల్లోనూ పేరు మోసుకెళ్ళింది వాడుకున్నవాళ్ళే. ఒకచోట హద్దు కావలసిన ఇంజనీరు, ఇంకోచోట పెదాలు కలపాల్సిన ఎడిటరు. ఆ పని చేతికి అందేలా పెట్టడం, మీద తమ పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం, చేసినవాళ్ళ వంతుకి వచ్చింది ఇంతే. వారానికో పోస్టు కూడా పెట్టుకోవచ్చు, తప్పేం లేదు. చూపించడానికి ఒక మెతుకైనా ఉడికి ఉండాలి.

ఈసారి ట్రిపుల్ ఐటీ జంక్షన్‌లో సిగ్నల్ పడితే ఆ రోడ్డు పేరు ఒకసారి అక్షరం అక్షరం చదవండి. అందులో కల్యంపూడి కనిపించదు. 'సి' దగ్గర ఆగండి, అదే ఆ ఇంటిపేరు.