తాతగారి బుల్లెట్టు

మలేషియా రబ్బరు తోటలో జీవితమంతా గడిపిన మా తాతగారు మాకు మిగిల్చిన ఆస్తి ఒక పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో తయారైన 346 సి.సి. బండి. ఏళ్ళ తరబడి కొట్టంలో మూలపడిన దానిని మళ్ళీ నడిపించాలని మా అన్నదమ్ములం పూనుకున్నాము.

మొదటి చిక్కు విడిభాగాలది. రెడ్డిచ్ కార్ఖానా 1967లో మూతపడింది. అయితే 1955లోనే మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ అదే నమూనాను దశాబ్దాలపాటు తయారు చేసింది. అందుచేత పిస్టను, రింగులు, క్లచ్ ప్లేట్లు చెన్నై నుండి తెప్పించుకోగలిగాము. అక్కడి అంగడివారు తెలుగువారు. తోట బడిలో నేర్చిన తెలుగులోనే మా నాన్నగారు వారికి ఉత్తరాలు వ్రాశారు.

రెండవ చిక్కు బోల్టుల మరలది. పాత ఇంగ్లీషు మర అంగుళాల లెక్క; కొన్నిటికి అంగుళానికి 26 చుట్లు. మిల్లీమీటర్ల బోల్టు కొద్దిగా తిరిగి పట్టేస్తుంది. మేము తొందరపడి బలవంతంగా బిగిస్తే అల్యూమినియం కేసింగులో మర చెరిగిపోయింది. రంధ్రం పెద్దది చేయించి కొత్త మర వేయించవలసి వచ్చింది. అప్పటినుండి కొలవనిదే ఏదీ బిగించలేదు.

బండి మ్రోగిన నాడు నాన్నగారి కళ్ళు చెమర్చాయి. పుట్టినచోట ఆగిపోయినది, వాడుకునేవారున్న మరోచోట బ్రతికింది. మన ఇళ్ళలో తెలుగు సంగతీ అంతే కదా!